అలిపిరి దాటని వంశం

కొండకు మోటారు బాట పడిన తారణ నామ సంవత్సరపు వేసవిలో నన్ను విసిగించని మనిషి తిరుపతిలో ఒక్కడు కూడా లేడు. పొద్దున కూరగాయలకు పోతే అంగడిలో, సాయంకాలం గుడి మండపంలో పురాణం ముగించి పొత్తం గుడ్డలో కట్టుకొనేటప్పుడు మండపంలో, అందరిదీ ఒకటే మాట. బస్సు వచ్చింది గదా అయ్యవారూ, ఇకనైనా తమరు కొండెక్కుతారా అని. అడిగినవారికి శాస్త్రం విప్పి చెప్పడం నా ధర్మం కనుక చెప్పేవాణ్ణి. అడిగినవారు సగంలోనే జారుకొనేవారు. ప్రశ్న వేసే ఓపిక ఉన్నవాడికి సమాధానం వినే ఓపిక ఎందుకుండదో నాకు ఈనాటికీ బోధపడలేదు.

మా వంశంలో ఎవరూ అలిపిరి దాటరు. ఆ కొండ రాయీ కాదు, మన్నూ కాదు. సాక్షాత్తూ ఆదిశేషుని శరీరం. భాష్యకారులంతటివారు దాని మీద పాదం మోపడానికి జంకి మోకాళ్ల మీద ఎక్కారని పెద్దలు చెబుతారు. మా ముత్తాత అంత సాహసం కూడా తనకు తగదనుకొని, కొండ అడుగున సాష్టాంగపడి వెనుదిరిగాడు. ఆ నియమం తాతగారికి, నాయనకు, నాకు సంక్రమించింది. ఇంటికి వచ్చిన కోడళ్లకూ సంక్రమించింది. కొండకు పోయే బంధువులనూ, ఎరిగినవాళ్లనూ వెంటబెట్టుకొని, కపిలతీర్థంలో స్నానం చేయించి, దారి పొడుగునా స్థలపురాణం వినిపిస్తూ అలిపిరి పాదాల మండపం దాకా తీసుకుపోవడం, అక్కడ సాగనంపి ఇంటికి రావడం నా జీవితకాలపు వ్రతం. పైన ఏ వాకిలి తరువాత ఏ వాకిలి వస్తుందో నేను చెప్పినంత వివరంగా పోయివచ్చినవాళ్లు కూడా చెప్పలేరు.

నా భార్య వరదమ్మ పెళ్లయిననాటి నుంచి ఆ యాత్రికులందరికీ పులిహోర, దద్దోజనం ఆకుల్లో పొట్లాలు కట్టి ఇచ్చేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి, డోలీలో పోతే కాలు మోపినట్టు కాదు గదా అని అడిగింది. మోసేవాళ్ల పాదాలు మన లెక్కలోకే వస్తాయని తేల్చి చెప్పాను. మళ్లీ ఆ ప్రసక్తి రాలేదు. అయితే ఆమె ఎడమ కంట్లో పొర కమ్మి రెండేళ్లు గడిచాయి. ఆ యేటి ఉగాదికి కుడి కంట్లోనూ మంచు పట్టినట్టు మొదలైంది. చిత్తూరులో చూసిన డాక్టరు, పొర ముదిరేదాకా కత్తి పెట్టేది లేదనీ, పెట్టిన తరువాత చూపు ఎంత వస్తుందో తాను చెప్పలేననీ అన్నాడు. ఆ మరునాడు అన్నం వడ్డిస్తూ ఆమె నెమ్మదిగా, "ఈ కన్ను ఉండంగానే స్వామిని ఒక్కసారి చూసి వస్తాను" అంది. బస్సు నడుస్తోంది గదా, బస్సుకు కాళ్లు లేవు గదా అని కూడా అంది.

"బస్సు దిగినాక నీకు ఉండాయి గదా కాళ్లు" అన్నాను.

ఆమె మజ్జిగ పోసి లోపలికి పోయింది. వాదం అక్కడికి ముగిసిందనుకొన్నాను.

ఆ వైశాఖంలో దిగబడ్డాడు దొరస్వామి. వరదమ్మ అన్న కొడుకు, కార్వేటినగరం వాడు. పొడుం అంగడి పెట్టి మూశాడు, హరికథల మేళం వెంట కొన్నాళ్లు తిరిగి వదిలాడు. ఇప్పుడు జనాన్ని యాత్రలకు తిప్పే పనిలో పడ్డాడు. యుద్ధం పుణ్యమా అని నూలు దొరక్క నగరిలో మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. నేతపనివాళ్లు ఇళ్లల్లో ఊరికే కూర్చొని ఉండగా వీడు పోయి, పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరుస్తాను, ఒక్క పగటిలో తిరుపతి యాత్ర అంతా చూపిస్తానని కూడగట్టాడట. నేను అలిపిరి దాకా వెంట వచ్చి నాలుగు మాటలు చెబితే చాలునట. నాలుగు మాటలు అనేసరికే నా ఒళ్లు మండింది.

"కపిలతీర్థానికి ఎంతసేపు పెట్టినావు?" అని అడిగాను.

"మునిగేదానికి ఎంతసేపు కావల్ల మామా? మునిగి లేస్తే అయిపాయె."

"వరాహస్వామి దర్శనం?"

"తిరిగొచ్చేటప్పుడు పొద్దుంటే చూస్తాం."

ఆ కొండ మొదట వరాహస్వామిది. ఆయన చోటిస్తే శ్రీనివాసుడు నిలిచాడు. కనుక తొలి పూజ, తొలి దర్శనం ఆయనకే. ఈ సంగతి వాడికి మొదటి నుంచి చివరిదాకా చెప్పేసరికి పెట్టిన చారు చల్లారిపోయింది. వాడు అంతా విని, సరే మామా ముందు ఆయన్నే చూపిస్తాలే అని, మూడోసారి అన్నం పెట్టించుకొన్నాడు. ఆపైన అత్త వైపు తిరిగి, ఆడవాళ్లు చాలామంది వస్తున్నారనీ, వాళ్లకు తోడుగా ఆమె కూడా అలిపిరి దాకా రావాలనీ అన్నాడు. అలిపిరి దాకానే కనుక నాకు అభ్యంతరం కనబడలేదు.

మరునాడు రైలు దిగిన నగరి జనంలో కుప్పయ్య అనే ముసలాయన పెద్ద. ఆయన భార్య తాయమ్మ. దొరస్వామి వాళ్లను మందను తోలినట్టు తోలాడు. కపిలతీర్థంలో నేను తీర్థమహిమ ఎత్తుకొనే లోపలే తడిబట్టలతో బస్సెక్కించాడు. అది చెక్క బల్లల బస్సు. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. అలిపిరిలో పాదాల మండపం దగ్గర అందరూ దిగి, స్వామివారి పాదుకలు తలకెత్తుకొని ప్రదక్షిణం చేశారు. కుప్పయ్య మాత్రం నా దగ్గర నిలబడి, ఈ పాదుకలు ఎవరు చేస్తారు, ఎందుకు ఇక్కడ పెట్టారు అని శ్రద్ధగా అడిగాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అదొక్కటే. అదీ దొరస్వామి సాగనివ్వలేదు. ఎండ ముదురుతోందని అందరినీ మళ్లీ బస్సులోకి తరిమాడు. పొట్లాల గంప లోపల పెట్టడానికి వరదమ్మ, దాన్ని పట్టుకోవడానికి నేను, మేమూ ఎక్కాం. డ్రైవరు చిన్నబ్బ ఇంజనులో నీళ్లు పోస్తున్నాడు.

నేను దిగబోతూ ఒక కాలు మెట్టు మీద పెట్టాను. అప్పుడు దొరస్వామి బస్సు మధ్యలో నిలబడి గొంతు సవరించుకొన్నాడు.

"ఈ కొండ ఏమనుకున్నారు? ఆంజనేయులు సంజీవి పర్వతం తెస్తాంటే చెయ్యి జారి ఒక ముక్క ఈడ పడింది. అదే ఇది."

కుప్పయ్య భక్తితో రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులు చూసిన తరువాత నేను దిగలేకపోయాను. ఇంత అబద్ధం మోసుకొని ఆ పెద్దాయన స్వామి ఎదుట నిలబడాలా? వెనక్కి వచ్చి, దొరస్వామిని కూర్చోమని, అసలు కథ ఎత్తుకొన్నాను. వాయుదేవుడికీ ఆదిశేషుడికీ ఎవరు బలవంతులన్న పంతం వచ్చింది. శేషుడు మేరువు కొడుకైన ఆనందగిరిని చుట్టలు చుట్టి బిగించి పట్టాడు. వాయువు వీచడం మొదలుపెట్టాడు. కథలో దిగితే కళ్లు మూసుకొనే అలవాటు నాది. ఆ పూట కథ ఎన్నడూ లేనంతగా పండింది. వాయువు వీస్తున్నాడని చెప్పేసరికి చెవుల నిండా ఘోష వినబడింది. శేషుడు చుట్ట బిగించాడనేసరికి శ్రోతలందరూ ఒక్కుమ్మడిగా ఒక పక్కకు ఒరిగారు. చుట్ట సడలిందనేసరికి రెండో పక్కకు ఒరిగారు. నా కథనశక్తిని నాలో నేనే మెచ్చుకొన్నాను. కొండ ఎగిరివచ్చి స్వర్ణముఖీ తీరాన దిగింది, శేషుడే శేషాచలమై నిలిచాడు అని ముగించి, మంగళం పాడి కళ్లు తెరిచాను.

కిటికీలో తిరుపతి కనబడింది, కింద ఎక్కడో. గోవిందరాజస్వామి గాలిగోపురం బొటనవేలంత ఉంది.

మొదట భార్య మీదే పడ్డాను. ఆమె ఆడవాళ్ల బల్ల మీద, పొట్లాల గంప ఒడిలో పెట్టుకొని కూర్చొని ఉంది.

"బస్సు కదిలేది చూస్తివా నువ్వు?"

"చూస్తిని."

"చెప్పొద్దా మరి?"

"కథ మధ్యలో ఉండిరి. మధ్యలో లేపితే పాపమని మీరే గదా చెప్తారు."

ఆ మాట నేను మండపంలో దాదాపు ప్రతిరోజూ చెప్పేదే. కనుక ఆమెను వదిలి చిన్నబ్బ మీద కేక వేశాను, బండి ఆపమని. వాడు వెనక్కి తిరగకుండానే, ఇక్కడ ఆపితే బండి కిందికి జారుతుందన్నాడు.

"నిలిపినా దిగి యాడ పెడతారు సామీ కాలు? కొండ మీదే గదా" అని కూడా అన్నాడు.

కుప్పయ్య పాపం లేచి, తాను భుజాల మీద ఎత్తుకొని కింది దాకా దింపుతానన్నాడు. అప్పుడు ఆయన పాదాలు నా లెక్కలోకి వస్తాయని వివరించవలసి వచ్చింది. దొరస్వామి కిటికీలోంచి కోతులను చూస్తున్నాడు. నవ్వుతున్నాడేమో తెలియదు; భుజాలు మాత్రం కదిలాయి. నేను చెప్పులు విడిచి, కాళ్లు రెండూ బల్ల మీదికి లాక్కొని, మఠం వేసుకొని కూర్చున్నాను.

పైన బస్సు ఆగింది. జనం గోవింద కొడుతూ దిగారు. దొరస్వామి అందరికంటే ముందు దిగి, బస్సు వైపు చూడకుండా నిలబడ్డాడు. లోపల మేమిద్దరమే మిగిలాం.

"నువ్వూ కాళ్లు పైన పెట్టుకో. సాయంకాలం ఇదే బస్సులో దిగిపోదాం" అన్నాను.

ఆమె గంప పక్కన పెట్టింది. చెరగు భుజం చుట్టూ తిప్పి దోపుకొంది. బల్లల వీపులు ఒక్కొక్కటే పట్టుకొంటూ తలుపు దాకా పోయి, మెట్టు మీద ఆగింది. నా వైపు తిరుగుతుందనుకొన్నాను.

"తాయమ్మా, ఈ మెట్టుకూ నేలకూ ఎంత ఎత్తుండాది?"

"జానెడే అమ్మా. దిగు, నేనుండా గదా."

ఆమె కుడి పాదం గాలిలో నేలను వెతికింది. దొరికింది. ఎండకు కాలిన నేల. పాదం చురుక్కుమని వెనక్కి వచ్చింది. నేను లోలోపల సంతోషించాను. పాదం మళ్లీ కిందికి పోయింది, ఈసారి నిలిచింది. రెండోది కూడా దాని పక్కకు చేరింది. తాయమ్మ చేయి పట్టుకొని, నలుగురితోపాటు నడిచిపోయింది. వెనక్కి చూడలేదు. చూసినా అంత దూరం నుంచి నేను ఆమెకు కనబడను.

ఆ తరువాతి పొద్దు గడిచిన తీరు చెప్పుకొంటే పరువు తక్కువ. బస్సు రేకు కాగి పెనమైంది. ఎవరో యాత్రికురాలు కిటికీలోంచి తొంగిచూసి, మఠం వేసుకొన్న నన్ను చూసి జాలిపడి, రెండు అరటిపళ్లు ఒళ్లో పెట్టింది. నాకు కాళ్లున్నాయని చెప్పాను. ఉండి కూడా ఎందుకు దిగలేదని అడిగింది. ఆదిశేషుని శరీరం అని ఆరంభించాను. ఆమె గుంపు కదిలిపోయింది, ఆమె కూడా పోయింది. పళ్లు చిన్నబ్బ తిన్నాడు. ఇంతలో మదరాసు వైపు వాళ్లు కొందరు వచ్చి, ముందు ఎటు పోవాలని నన్నే అడిగారు. ముందు వరాహస్వామి, తరువాత మహాద్వారం, లోపల ధ్వజస్తంభం, ఆపైన బంగారు వాకిలి అని కిటికీ దగ్గర నుంచే దారి చెప్పి పంపాను. చిన్నబ్బ పక్క బల్ల మీద పడుకొని విన్నాడు.

"ఎన్నిసార్లు చూసినారు సామీ మీరు?"

"చూడలేదు."

వాడు సరే అని అటు తిరిగి పడుకొన్నాడు.

కళ్లు మూసుకొని ధ్యానం చేయబోయాను. తలచుకొన్నప్పుడల్లా ఆపాదమస్తకం ఎదుట నిలిచే మూర్తి ఆ పూట నిలవలేదు. కాలిన నేల మీద తడుముకొన్న పాదమొక్కటే నిలిచింది. దాన్ని తోలివేయడానికి ఎంత ప్రయత్నించానో ఆ స్వామికే తెలియాలి.

పొద్దు వాలుతుండగా వచ్చారు. కుప్పయ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాయమ్మ తలనీలాలిచ్చి నున్నని తలకు గంధం పూసుకొని ఉంది. దొరస్వామి ఎక్కుతూనే, మామ మెప్పు కోసం కాబోలు, వరాహస్వామిని ముందే చూపించానని చెప్పాడు. "టైము లేదంటే అత్త ఒప్పుకోలే. ఆయన్ని చూడకుండా గుళ్లోకి అడుగు పెట్టనని వాకిట్లోనే నిలబడె" అన్నాడు. వరదమ్మ తన చోట తాను కూర్చొంది. చెరగు అంచు తడిగా ఉంది. నా చేతిలో ప్రసాదం పెట్టింది. కళ్లకద్దుకొని తిన్నాను.

దిగేటప్పుడు నేను కొన్ని మలుపులు ఓర్చుకొన్నాను. ఆ మీదట ఓర్చుకోలేక అడిగాను, ఎట్లా ఉన్నాడు స్వామి అని. ఇంజను రొదలో ఆమెకు వినబడలేదు. ఇంకా గట్టిగా అడగవలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే చిన్నబ్బ ఇంజను ఆపి బండిని వాలుకు వదిలాడు. నా గొంతు బస్సంతా మోగింది.

"ఎట్లా ఉన్నాడు స్వామి?"

"చెప్పను" అంది వరదమ్మ.

"ఏం, ఎందుకు చెప్పవు?"

"చెప్తే మీరు దిద్దుతారు."

కుప్పయ్య కిటికీ వైపు తిరిగాడు. అలిపిరి వచ్చేదాకా నేనూ రెండో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మాటకు కట్టుబడడంలో ఆమె మా వంశం వాళ్లనందరినీ మించింది. వైశాఖం వెళ్లింది, జ్యేష్ఠం వెళ్లింది; నోరు విప్పలేదు. సూటిగా అడగడం నామోషీ అనిపించి, ఉపాయాలు పన్నాను. భోజనం చేస్తూ, బంగారు వాకిలి తూర్పుకు కాదు ఉత్తరానికి అని కావాలనే తప్పు చెప్పాను. దిద్దుతుందేమో, ఆ దిద్దుబాటులో ఒక ముక్కైనా జారుతుందేమో అని. ఇంకొంచెం పప్పు వడ్డించనా అని అడిగింది. జ్యేష్ఠంలో తాయమ్మ నగరి నుంచి వచ్చి ఆమెను ఇంకోసారి కొండకు పిలుచుకొనిపోయింది. పోతున్నానని వరదమ్మ నాకు చెప్పింది. పోనా అని అడగలేదు. నేను వసారాలో కూర్చొని ఆ ప్రత్యయాల తేడా గురించి తలపోస్తూ ఉండగానే వాళ్లు వీధి మలుపు తిరిగారు. ఆ దినం అన్నం నేనే పెట్టుకొని తిన్నాను.

ఇరుగుపొరుగు తీరు కూడా మారింది. కొండకు పోయేవాళ్లు అంతవరకు నన్ను వెదుక్కొంటూ వసారా ముందు ఆగేవాళ్లు. ఇప్పుడు, అమ్మ ఉండారా అని అడిగి నేరుగా పెరట్లోకి పోసాగారు. మగవాళ్లు ఇంకా నా దగ్గరే ఆగేవారు, మర్యాద కోసం. వాళ్లు కూడా వింటూ వింటూ పెరటి వైపు చెవి ఒగ్గేవారు. అక్కడ మాటలు సాగుతూ ఉండేవి. నా అడుగు చప్పుడైతే ఆగేవి.

ఆషాఢం నాటికి ఆమె గోడలకు చేయి ఆనించి నడవసాగింది. ఒకనాడు దీపం వెలుగుతూ ఉండగానే, దీపం పెట్టలేదేమని నన్ను అడిగింది. చిత్తూరు డాక్టరుకు మళ్లీ చూపించుకొని వచ్చాం. ఇంకా ముదరాలన్నాడు. దారిలో పూతలపట్టు దగ్గర బండి ఆగినప్పుడు ఆమె చల్లగాలి బాగుందని మాత్రం అంది.

వచ్చిన రెండో దినం మధ్యాహ్నం, నేను నిద్రపోయాననుకొని కాబోలు, పెరట్లో మాటలు మొదలయ్యాయి. పక్కింటి జ్ఞానాంబ వచ్చి ఉంది. కాళ్లు పడిపోయి మంచాన ఉన్న అత్తను వదిలి ఆమె ఏ కొండకూ పోలేదు. వరదమ్మ ఆమెకు స్వామిని చూపిస్తున్నది. నేను మెల్లగా లేచి పెరటి వాకిలి దాకా పోయి, తలుపు చాటున నిలబడ్డాను.

ఆమె నాకు వీపు పెట్టి కూర్చొని, రెండు చేతులూ పైకెత్తి ఉంది.

"ఈ పక్క చక్రం, ఈ పక్క శంఖం" అంటూ చక్రానికి ఎడమ చేయి ఊపింది.

తప్పు. చక్రం కుడి చేతిది. ఏ ఆగమం తీసినా అంతే. మాట నాలుక చివరి దాకా వచ్చింది, తలుపు రెక్క మీద చేయి కూడా వేశాను. అంతలో ఆమె ఎత్తిపట్టిన చేతులు చూశాను. మనసులో ఆమె స్వామికి ఎదురుగా నిలబడి ఉంది. ఎదురుగా నిలబడినవాళ్లకు ఆయన కుడి చేయి ఎడమ వైపునే ఉంటుంది. నేను ఎన్నడూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

"కండ్లు మాత్రం బాగా కనబడవమ్మా" అని వరదమ్మ చెబుతోంది. "పెద్ద నామం. అది కమ్మేసి, అంచున కొంచెమే కనబడతాయి. నాకు మాదిరే అనుకొంటిని. కండ్ల మీద అంత పొర పెట్టుకొని, నిలబడిన చోటనే నిలబడి, వచ్చినోళ్లను చూస్తానే ఉండాడు."

తలుపు కిర్రుమంది. ఆమె మాట ఆపింది. చేతులు ఒడిలోకి దించుకొని, తల వాకిలి వైపు తిప్పింది. జ్ఞానాంబ చెరగు సర్దుకొని లేవబోయింది. వరదమ్మ ఆమె మోకాలి మీద చేయి వేసి కూర్చోబెట్టి, నేనున్న చోటుకు రవంత పక్కగా చూస్తూ, నా మాట కోసం ఆగింది.

నేను గడప మీద కూర్చున్నాను.

"ఊఁ" అన్నాను.